మెషీన్‌కు గోళ్లుండవు

ప్రింట్ గది, నేలమాళిగ
మార్చి 4, భోజనాల వేళ

మహారాజశ్రీ రిపేరు చక్రవర్తి బాబాయ్ గారి దివ్య సముఖానికి,

నీ అన్నకూతురు, డిగ్రీ ఫస్ట్ క్లాసు, ప్రస్తుతం ఒక ఆఫీసు ప్రింట్ గదికి ఏకైక మహారాణి, సాష్టాంగపడి రాసుకుంటున్న విన్నపం. సాష్టాంగపడటం నిజమే. కాగితాలు నేలంతా పరుచుకుని ఉన్నాయి, ఏరుతున్నాను.

ఫోన్ చేస్తే నీకు వినబడదు. మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. "బాబాయ్, కాలు విరిగింది" అని పెట్టినా అదే బొటనవేలు వస్తుందని నా గట్టి నమ్మకం. అందుకని ఉత్తరం. కాగితానికి ఇక్కడ కరువు లేదు, పాడైన షీట్ల వెనకవైపు తెల్లగానే ఉంటుంది.

సంగతేమిటంటే, మా ప్రింటర్ పక్కన ఫినిషర్ అని ఒక పెట్టె తగిలించి ఉంది. నువ్వు ముప్పయ్యేళ్లు వీటితోనే కాపురం చేశావని తెలుసు, అయినా నేను కొత్తగా నేర్చుకున్న పాఠం నీకే చెప్పి మురిసిపోవాలని ఉంది. అచ్చయి వచ్చిన షీట్లను అది సెట్లుగా సర్ది, మూలన పిన్ను కొట్టి, ట్రేలో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. మాది పేర్చదు, విసురుతుంది. ఇరవై సెట్లు దాటేసరికి పోగు పక్కకు ఒరిగి, పై కాగితాలు జారి, నా పాదాల మీద పడతాయి. అంత భక్తి నాకెందుకు?

ఇందులో నవ్వులాట కానిది ఒకటి ఉంది. నా ఉద్యోగం ఇంకా ఆరు నెలల ట్రయల్ మీదే ఉంది. సూపర్‌వైజర్ మేడమ్ చెప్పేశారు: "చూడమ్మా, జూన్‌లో సర్వసభ్య సమావేశం పుస్తకాలు ఐదు వందల సెట్లు ఈ గదిలోంచే రావాలి. రాకపోతే ప్రింటింగ్ పని బయటికిచ్చేసి గదికి తాళం వేస్తాం."

"తాళం వేసేటప్పుడు నేను లోపలుంటానా, బయటుంటానా మేడమ్?" అని అడిగాను. ఆవిడ నవ్వలేదు.

ఈ ఊళ్లో నాతో మాట్లాడేవాళ్లు ఇద్దరు. ఒకటి లిఫ్టు. "తలుపులు మూసుకుంటున్నాయి" అంటుంది. రెండోది ఈ మెషీను. "ట్రే నిండింది, ఖాళీ చేయండి" అంటుంది. ట్రేలో ఏమీ లేదు బాబాయ్.

త్వరగా వైద్యం పంపగలవు.

ఇట్లు,
పిడుగు


షాపు, పని బల్ల దగ్గర
మార్చి 9

పిడుగూ,

చక్రవర్తి కులాసా. చెవులు తప్ప.

నీ ఉత్తరం కంటే అది రాసిన కాగితం నాకు ఎక్కువ కబుర్లు చెప్పింది. బల్ల మీద పెడితే రెండు అంచులూ పడవలా పైకి లేచాయి. అలా లేచిన షీటు మీదికి ఇంకో షీటు వస్తే తన్నుకుని పక్కకే పోతుంది. పోగు ఎంత ఎత్తు పెరిగిందో చూసే కన్ను ఒకటి ట్రే పైన ఉంటుంది. వంగిన అంచు దానికి అడ్డం పడితే ట్రే నిండిందనుకుంటుంది. అబద్ధమాడటం లేదు పాపం, దానికి కనబడిందే చెబుతోంది.

నేలమాళిగ అన్నావు, చెమ్మ ఉంటుంది. కాగితం కట్టల రేపర్లు ముందే విప్పి పెడుతున్నారేమో చూడు. వాడే కట్ట ఒక్కటే విప్పాలి. ప్రింటర్‌లో ఉన్న కాగితాన్ని తిరగేసి పెట్టు. ఆ కన్నును మెత్తటి పొడి బ్రష్షుతో ఒక్కసారి తుడువు. ఊదకు, నోటి తడి పడుతుంది.

తర్వాత పది సెట్లు తీస్తూ ఫినిషర్ మూత మీద అరచెయ్యి పెట్టు. నేనిప్పుడు అలాగే వింటున్నాను. నీకు చెవులు కూడా ఉన్నాయి కాబట్టి చప్పుళ్లు రాసి పంపు. ఎలా వినబడితే అలాగే రాయి, సిగ్గుపడకు.

అన్నం వేళకు తింటున్నావా? షాపులో ఊపిరాడటం లేదు, పొద్దున్నే రెండు మెషీన్లు వచ్చి కూర్చున్నాయి. ఉంటాను.

బాబాయ్


ప్రింట్ గది
మార్చి 15

బాబాయ్ గారికి చప్పుళ్ల నివేదిక సమర్పించుకుంటున్నాను.

ముందు శుభవార్త. ఎనిమిది కట్టలు రేపర్ ఊడదీసి, చెమ్మ గోడకు ఆనించి ఉన్నాయి. నాకు ముందు పనిచేసిన మహానుభావుడి నిర్వాకం. వాటిని పక్కన పడేసి కొత్త కట్ట తిరగేసి పెట్టాను. అంచులు లేవడం మానేశాయి. ట్రే నిండిందన్న గోల కూడా తగ్గింది. కానీ పోగు ఇంకా ఒరుగుతోంది, నలభై సెట్ల దగ్గర.

ఇక సంగీతం. మెషీన్ మనసు బాగున్నప్పుడు: సర్ర్, టప్, చక్. సర్ర్ అంటే షీటు వచ్చింది, టప్ అంటే పడింది, చక్ అంటే పక్కలు సర్దుకుంది. మనసు బాగాలేనప్పుడు: సర్ర్, టప్, జీఈఈక్, కాసేపు మౌనవ్రతం, అప్పుడు చక్. ఆ జీక్ ఎలా ఉందంటే, ఎవరో కొత్త చెప్పులేసుకుని నున్నటి గచ్చు మీద నడుస్తున్నట్టుంది. రాసేటప్పుడు గట్టిగా పలికి చూసుకున్నాను కూడా. సరిగ్గా అప్పుడే పై అంతస్తు గుమాస్తా గారు లోపలికొచ్చారు. నన్ను చూశారు, మెషీన్‌ను చూశారు.

"బాగున్నారా అండీ?" అన్నాను.

"ముప్పై కాపీలు, రెండు వైపులా, ఎడమ మూల పిన్ను," అన్నారు.

బాబాయ్, నేనీ ఊరొచ్చి రెండు నెలలైంది. ఆదివారాలు గదిలో నేనూ సీలింగు ఫ్యానూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చుంటాం. అది కూడా తల అడ్డంగానే తిప్పుతుంది.

పిడుగు


షాపు
మార్చి 21

పిడుగూ,

కొత్త చెప్పులన్నావు చూడు, అక్కడ దొరికాడు దొంగ. నీ చెవికి దణ్ణం పెట్టాలి.

పిన్ను కొట్టే చోటికి పైన, అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. దానికి రబ్బరు రెక్కలు రెండో మూడో ఉంటాయి. షీటు పడగానే అవి తిరిగి, దాన్ని వెనక గోడ దాకా లాక్కెళ్లి ఆనిస్తాయి. రెక్కల మీద కాగితం పొడి పేరుకుంటే రబ్బరు నున్నబడి జారుతుంది. నువ్వు విన్న జీక్ అదే. షీటు వెనక్కి పూర్తిగా చేరదు, పోగు మెట్లు మెట్లుగా వస్తుంది, నలభై మెట్లెక్కాక పడిపోతుంది.

స్విచ్ ఆపు. మూత తెరువు. గుడ్డ తడిపి, నీళ్లు కారకుండా గట్టిగా పిండి, ఒక్కో రెక్కనూ రెండు వైపులా నల్లదనం పోయేదాకా తుడువు. ఆరనివ్వు.

దీంతో తగ్గిపోవాలి. తగ్గితే ఒక్క ముక్క రాయి చాలు. ఇక నీకు నాతో పని ఉండదు, హాయిగా ఉద్యోగం చేసుకో.

బాబాయ్


ప్రింట్ గది
ఏప్రిల్ 2

బాబాయ్,

తగ్గలేదు.

తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. రెక్కలు తుడిచాను, గుడ్డ బొగ్గుల కొట్టు నుంచి వచ్చినట్టయింది. రెండు రోజులు బుద్ధిగా ఉంది. ఇప్పుడు షీట్ల కుడి మూల మడతపడి వస్తోంది. సాక్ష్యానికి మూడు షీట్లు జతచేశాను, చిత్తగించగలవు. చప్పుడు కూడా మారింది. సర్ర్, టప్, జీక్, ఠంగ్, చక్. ఆ ఠంగ్ అప్పుడప్పుడే వస్తుంది. నేను వినాలని చెవి పెడితే రాదు.

జబ్బు పెద్దదే అనిపిస్తోంది. ఒక్క ఉత్తరంతో తేలేది కాదు. కాస్త వివరంగా రాయి.

పిడుగు


షాపు
ఏప్రిల్ 9

పిడుగూ,

మూడు షీట్లూ అందాయి. భూతద్దం పెట్టి చూశాను.

సరే, మళ్లీ మొదటి నుంచి వద్దాం. అట్టపెట్టె కోసి నీ ట్రే లాంటిది ఒకటి తయారుచేశాను. సైకిల్ ట్యూబు ముక్కలతో రెక్కలు పెట్టాను. చేత్తో తిప్పుతూ నీ షీట్లు ఒక్కొక్కటీ జార్చి చూస్తున్నాను. మూడు రోజుల నుంచి అదే పని. నా ట్రేలో మాత్రం పోగు చక్కగానే నిలబడుతోంది.

ఈ ప్రశ్నలకు జవాబులు రాయి. పక్కలు సర్దే పలకలు రెండూ సమానంగా కదులుతున్నాయా? పెద్ద సైజు మీద చిన్న సైజు కాగితం పడనిస్తున్నారా? కాగితం మందం సెట్టింగు ఏం పెట్టారు? పిన్ను లేకుండా తీసినా మూల మడతపడుతోందా? ఠంగ్ వచ్చేటప్పుడు అరచేతికి ఏమైనా తెలుస్తోందా? గది ఎంత? కిటికీ ఉందా? నువ్వు కూర్చునే కుర్చీకి వీపు ఆనుతుందా?

చివరి మూడూ మెషీన్‌కు సంబంధించినవి కావు. అయినా రాయి.

బాబాయ్


ప్రింట్ గది
ఏప్రిల్ 24

బాబాయ్,

నీ ప్రశ్నపత్రం అందింది. మూడుసార్లు చదివాను. మూడోసారి భోజనం చేస్తూ చదివాను, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టుంది.

జవాబులు. పలకలు సమానమే. సైజులు కలపనివ్వడం లేదు. మందం సెట్టింగు మామూలే. పిన్ను తీసేసినా మూల మడతే. గది తొమ్మిదడుగులకు పన్నెండు. కిటికీ లేదు, తలుపు ఒకటే. కుర్చీకి వీపు ఆనుతుంది కానీ అది వెనక్కి వాలి నన్ను పడేయాలని చూస్తుంది.

ఇంకొకటి చెప్పడం మరిచాను. మూడు రోజుల నుంచి ఫినిషర్ వెనక కొంచెం కాలిన వాసన వస్తోంది. కొంచెమే, కంగారు పడకు. ఉత్తరం మాత్రం కాస్త తొందరగా రాయి. పోయినసారి జవాబు రావడానికి ఆలస్యమైంది, పోస్ట్‌మాన్‌ను అనుమానించి అతని సంచీలో కూడా తొంగిచూశాను.

పిడుగు


ఏప్రిల్ 28

ప్రింట్ విభాగం సూపర్‌వైజర్ గారికి నమస్కారములు.

మీకు నేను పరిచయం లేను. మీ ప్రింట్ గదిలో పనిచేసే అమ్మాయికి బాబాయిని. కాపీయర్లు, ప్రింటర్లు బాగుచేయడంలో ముప్పై ఒక్క సంవత్సరాల అనుభవం ఉంది. వినికిడి లేనందున ఫోన్ చేయలేక ఈ లేఖ రాస్తున్నాను, మన్నించగలరు.

ఆ గదిలోని ఫినిషర్ వెనక కాలిన వాసన వస్తోందని మా అమ్మాయి తెలియజేసింది. వైరు రాపిడి అయి ఉండవచ్చు, మోటారు అయి ఉండవచ్చు. చుట్టూ కాగితమే. గదికి తలుపు ఒకటే. దయచేసి ఈ లేఖ అందిన వెంటనే మెషీన్ ఆపించి, గోడ దగ్గర ప్లగ్గు తీయించి, కంపెనీ ఇంజినీరుకు చూపించండి. ఆయన చూసేదాకా ఎవరినీ ఆ గదిలో కూర్చోబెట్టకండి.

మా అమ్మాయికి మాటలెక్కువ. పని దగ్గర మాత్రం దొంగ కాదు. ఆమె చేసినవన్నీ నా సలహాల ప్రకారం చేసినవే. ఎక్కడైనా తప్పు జరిగి ఉంటే అది నాది. ట్రయల్‌లో ఆమె పేరు మీద రాయవద్దని వేడుకుంటున్నాను.

భవదీయుడు,
ఒక మెకానిక్కు


నా గది
మే 8

బాబాయ్,

నువ్వు మేడమ్‌కు ఉత్తరం రాస్తావని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆవిడ దాన్ని చేత్తో పట్టుకుని కిందికి దిగి వచ్చారు. లిఫ్టులో కాదు, మెట్లు దిగి. "ప్లగ్గు తియ్యి, బయటికి రా," అన్నారు. పని మూడు రోజులు ఆగింది. అర్జెంటు కాగితాలన్నీ బయట ప్రెస్సుకు పోయాయి. నాలుగో రోజు కంపెనీ ఇంజినీరు వచ్చి, వెనక పలక విప్పి, ముక్కు పెట్టి వాసన చూసి, రెండు వందల సెట్లు తీశాడు. ఇటుకలు పేర్చినట్టు పేర్చింది పాపిష్టిది.

"దీనికేం జబ్బు లేదు," అన్నాడు. "రెక్కలు ఎవరు తుడిచారు? కొత్తవాటిలా ఉన్నాయి."

మేడమ్ నా వంక చూశారు. "మరి మీ బాబాయ్‌కి అలా ఎందుకు రాశావు?"

ఏదో ఒక జోకు వేద్దామని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. నా ట్రే ఖాళీ అవడం అదే మొదటిసారి.

జరిగింది చెబుతాను. మార్చి 24న రెక్కలు తుడిచాను. అదే రోజు మెషీన్ బాగైపోయింది, ఆ తర్వాత ఒక్క సెట్టు కూడా ఒరగలేదు. నీకు ఒక్క ముక్క రాద్దామని కాగితం తీసుకున్నాను. "తగ్గితే ఒక్క ముక్క రాయి చాలు, ఇక నీకు నాతో పని ఉండదు" అన్నావు కదా, అక్కడ ఆగిపోయాను. ఆ ఒక్క ముక్క రాసేస్తే తర్వాత నాకు ఎవరు రాస్తారు? ఊరికే "బాబాయ్, నాకేం తోచడం లేదు" అని రాయడం నాకు చేతకాలేదు. జబ్బు ఉంటేనే డాక్టరు వస్తాడు కదా. మూలలు నేనే మడిచాను. ఠంగ్ కూడా నేనే కనిపెట్టాను. వాసన ఎందుకు రాశానో నాకే తెలియదు, అంతకుముందు జవాబుకు పన్నెండు రోజులు పట్టిందని రాశానేమో.

నువ్వు అట్టపెట్టె కోసి మూడు రోజులు కూర్చున్నావు. ఆ ముక్క చదివినప్పుడే నిజం చెప్పాల్సింది. సంతోషపడ్డాను బాబాయ్, సిగ్గు లేకుండా.

రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. ఆరు లైన్లు రాసిచ్చాను, అన్నీ నిజాలే, ఒక్క జోకు కూడా లేదు. ఉంచుతారో పంపేస్తారో జూన్ పుస్తకాలయ్యాక చెబుతారట. అది సరే. నువ్వు కోప్పడు. కోప్పడుతూనైనా సరే, ఒక ఉత్తరం రాయి.

నీ
పిడుగు


ఇల్లు
(వెనకటి ఉత్తరాలు కూడా ఇక్కణ్ణుంచే)
జూన్ 5

పిడుగూ,

నెల రోజులు రాయలేదు. కోపంతో కాదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక.

నువ్వు పంపిన మూడు షీట్లకు భూతద్దం పెట్టినప్పుడే తెలిసింది. మడత అంచున సన్నగా నెలవంక లాంటి నొక్కు ఉంది. బొటనవేలి గోరు గుర్తు. మెషీన్‌కు గోళ్లుండవు.

తెలిసి కూడా అడగలేదు. ఎందుకంటే నేను కూడా ఒకటి దాచాను. నాకిప్పుడు షాపు లేదే. ఈ చెవుడు ఎంతదాకా వచ్చిందో నాకే తెలియలేదు. జనవరిలో ఒక మెషీన్ బెల్టు తెగబోతూ అరుస్తోంది, నేను పక్కనే నిలబడి స్క్రూ బిగిస్తున్నాను. ఓనరు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి స్విచ్ ఆపాడు. మర్యాదగానే చెప్పాడు, "పెద్దాయనా, ఇంట్లో విశ్రాంతి తీసుకోండి" అని కాగితం మీద రాసి చూపించాడు. అప్పటి నుంచీ పని బల్ల అంటే వంటింటి బల్లే. పొద్దున్నే వచ్చి కూర్చున్న రెండు మెషీన్లు కూడా అబద్ధమే.

అలాంటప్పుడు నీ ఉత్తరం వచ్చింది. సర్ర్, టప్, జీక్ అని రాశావు. నమ్ముతావో లేదో, ఆ లైను చదువుతుంటే నాకు వినబడింది. చెవులు పోయాక నేను విన్న మెషీన్ అదొక్కటే. తగ్గితే ఒక్క ముక్క చాలని పెద్దమనిషి తరహాలో రాశాను గానీ, తగ్గలేదని నీ ఉత్తరం వచ్చిన రోజు రెండు పూటలా కడుపునిండా తిన్నాను. గోరు గుర్తు చూశాక కూడా అట్టపెట్టె కోశాను. లేని జబ్బుకు మందు వెతకడం ఎంత హాయో నీకు తెలియదు, ఎప్పటికీ అయిపోదు.

ఇక వాసన సంగతి. అది కూడా అబద్ధమేనని తొంభై పాళ్లు తెలుసు. మిగతా పది పాళ్ల కోసం మీ మేడమ్‌కు రాశాను. నీ ఉద్యోగానికి ఎసరు పెడుతున్నానేమోనని కూడా అనుకున్నాను. కానీ ఒకే తలుపున్న గది అది. మళ్లీ రాసినా మళ్లీ అలాగే చేస్తాను, గుర్తుపెట్టుకో.

చివాట్లు అయిపోయాయి. జూన్ 14 శనివారం పదకొండు గంటల బస్సులో దిగుతాను. మేడమ్‌ను అడిగి, సరే అంటేనే నన్ను ఆ గదికి తీసుకెళ్లు. జబ్బేమీ వద్దు. ఊరికే పది సెట్లు తీసి చూపించు.

బాబాయ్


ప్రింట్ గది
జూన్ 30

బాబాయ్,

ముందు ఆఫీసు సమాచారం. ఐదు వందల సెట్లు పూర్తయ్యాయి. ఒక్కటి కూడా ఒరగలేదు. మేడమ్ స్వయంగా వచ్చి పోగుల పక్కన స్కేలు నిలబెట్టి చూశారు. గదికి తాళం పడటం లేదు. నా ట్రయల్ మాత్రం ఇంకో మూడు నెలలు పొడిగించారు. సంజాయిషీ ఫైలులోనే ఉంటుందట. "మీ బాబాయ్ ఉత్తరం కూడా దాని పక్కనే పెట్టాను," అన్నారు. అది శిక్షో, సిఫారసో ఆవిడ ముఖం చూస్తే తెలియలేదు.

గుమాస్తా గారిని ఈసారి కూడా బాగున్నారా అని అడిగాను. "ఆఁ" అన్నారు. తర్వాతే "యాభై కాపీలు" అన్నారు.

నువ్వొచ్చి వెళ్లిన రోజు సంగతి ఒకటి రాయాలి. వెనక్కి వాలే నా కుర్చీని మెషీన్ దగ్గరికి లాక్కున్నావు. మూత మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నావు. పది సెట్లన్నావు కానీ నేను ముప్పై తీశాను, నువ్వు చెయ్యి తియ్యకపోతే ఆపబుద్ధి కాలేదు. చివరి పిన్ను పడ్డాక కళ్లు తెరవకుండానే, "బాగానే ఉందే," అన్నావు.

నేను వెనక నిలబడి, "ఎవరు? అదా, నేనా?" అని అడిగాను.

నువ్వు అటు తిరిగి ఉన్నావు. నా పెదాలు నీకు కనబడలేదు. రెండోసారి అడగడానికి నోరు రాలేదు. ఈలోగా బస్సు వేళయింది.

అందుకని ఇప్పుడు రాసి అడుగుతున్నాను. ఈ కాగితానికి మడత లేదు, గోరు గుర్తు లేదు, కావాలంటే భూతద్దం పెట్టి చూసుకో. మెషీన్ బాగానే ఉంది. ఏ జబ్బూ లేదు.

అయినా జవాబు రాయి.

పిడుగు